తేల్ అంటే తేలే

అప్పలకొండకి నీళ్లంటే భయం. ఈ మాట కొత్తవాళ్లెవరైనా వింటే పకపకా నవ్వుతారు. నవ్వరూ మరి! తాత చేపలు పట్టాడు, తండ్రి చేపలు పట్టాడు, సోంపేట వైపు సముద్రపొడ్డు నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చి కూడా మళ్లీ చేపలే పట్టారు. అప్పలకొండ కూడా పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో, అలల చప్పుడు వినబడే గుడిసెలో, తల్లి ఎండుచేపలు తిరగేస్తూ ఉండగా నొప్పులొచ్చి పుట్టాడు. అలాంటివాడు ఎనిమిదేళ్లుగా సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటున్నాడు. అతను డ్రైవరుగా ఉన్న వండూర్ రిసార్టులో దిగినవాళ్లంతా పొద్దుగుంకడం చూడ్డానికి ఇసకలోకి పరుగెడితే, అతను మాత్రం షెడ్డులో జీపు అద్దాలు తుడుస్తాడు. తలస్నానానికి చెంబు ఎత్తేముందు గట్టిగా ఊపిరి పీల్చుకుంటాడని వాళ్లావిడ కనకదుర్గ చెప్పి నవ్వుతుంది. నవ్వి, చటుక్కున ఆపేస్తుంది. ఎందుకు ఆపేస్తుందో వచ్చినచోట చెప్పుకుందాం. ముందు కారు సంగతి.

ఆ కారు పసుపుపచ్చ. అరటిపండు తొక్క వలిచి రోడ్డు మీద పెట్టినట్టుంటుంది, అంత నేలబారు. రెండే సీట్లు. రిసార్టు యజమాని వాసుదేవ్ గారి ఒక్కగానొక్క కొడుకు యువరాజ్ దాన్ని చెన్నైలో ఎవరిదగ్గరో కొని ఓడలో తెప్పించాడు. క్రేను దాన్ని హార్బర్‌లో దించుతుంటే జనం పిల్లాపాపలతో వచ్చి చూశారు. తీరా చూస్తే మన రోడ్ల మీద దానికి నడకే రాదు. స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, పొట్ట నేలకి ఆనుకుంటుంది. అందుకని అప్పలకొండ రెండు చెక్కపలకలు చంకలో పెట్టుకుని ముందు నడవాలి, టైర్లకింద పలకలు పరవాలి, కారు దాటాక మళ్లీ ఏరుకోవాలి. ఆర్నెల్లుగా ఆ కారుతో అతనికి ఉన్న సంబంధం అదీ, పొద్దున్నే కడగడమూను. స్టీరింగు పట్టుకోనిచ్చింది లేదు. పెట్రోలు పోసుకోడం కూడా యువరాజే స్వయంగా వెళ్లి పోసుకునేవాడు.

ఆ ఆదివారం పొద్దున్న ఏడింటికి చెన్నై నుంచి యువరాజ్ ఫోన్లో మాట రికార్డు చేసి పంపాడు.

"చాచా, ఈరోజు ఫ్లైట్‌కి వస్తున్నా, కళ్యాణి కూడా వస్తోంది. పీలీ గాడీలో తేల్ డాల్ కే సీదా ఎయిర్‌పోర్టుకి తెచ్చెయ్. బారా చాలీస్‌కి దిగుతాం. అటునించి అటే మాయాబందర్, నానమ్మ దగ్గరికి. మధ్యాహ్నం అడవి దాటించే కాన్వాయ్ మిస్ అవకూడదు, సమ్‌ఝే?"

అప్పలకొండ దాన్ని మూడుసార్లు విన్నాడు. స్టీరింగు! తన చేతికి! కనకదుర్గని కేకేసి ఆవిడకీ వినిపించాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె అందుకుంది.

ఇక్కడ ఒక్క మాట దగ్గర ఆగాలి. హిందీలో తేల్ అంటే నూనె. బండిలో పోసేది ఏదైనా తేలే, పెట్రోలైనా, డీజిలైనా. పోర్ట్ బ్లెయిర్ కుర్రాళ్లంతా అలాగే అంటారు. కానీ మన జాలర్ల ఇళ్లల్లో ఆ మాట ఇంకోలా స్థిరపడిపోయింది. చేపల పడవకి, అదే డోంగీకి, ఇంజిన్లో పోసేది తేల్, అంటే డీజిల్. స్కూటర్లో పోసేది పెట్రోల్. దీపంలో పోసేది మట్టితేల్. అప్పలకొండ తల్లి బతికున్నన్నాళ్లూ "తేల్ అయిపోనాదిరా" అంటే డీజిల్ డబ్బా తీసుకుని పరుగెత్తడమే. తెలుగులో తేలు అంటే కుట్టేది, తేలడం అంటే నీళ్లమీద ఆడడం. అప్పలకొండ జీవితంలో ఈ మూడూ ఒకదాంతో ఒకటి చిక్కుపడిపోయాయి, ఏం చేస్తాం!

అతనికి అనుమానం రాకపోలేదు. అడిగాడు కూడా.

"బాబూ, తేలేనా?" అని తిరిగి రికార్డు చేసి పంపాడు.

"అరే హా చాచా, తేల్ హీ తో బోలా! తేల్ అంటే తేలే!" అని నవ్వుతూ జవాబొచ్చింది.

ఇంకేం కావాలి? జనరేటర్ షెడ్డు వెనకాల డీజిల్ డ్రమ్ముంది. ముందురోజంతా కురిసిన వాన దాని మీద చెరువులా నిలబడి ఉంది. ఆ నీళ్లు అరచేత్తో తుడిచేసి, మూత తిప్పి, గొట్టం అడుగుదాకా దించి, ఇరవై లీటర్ల డబ్బా నింపాడు. గరాటు పెట్టి కారులో ఒంపాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, కారులోకి దిగాడు. ఎక్కాడు అనడానికి లేదు, ఆ కారులోకి దిగాలి.

"ఏటయ్యా, పెళ్లికొడుకులా ఉన్నావు," అంది కనకదుర్గ.

"పలకలు మర్సిపోనాను, డిక్కీలో పడీ," అన్నాడు.

మొదటి పది నిమిషాలూ స్వర్గం. కారు గర్జిస్తుంటే కోళ్లు చెదిరిపోయాయి, వక్కతోటల్లో పనివాళ్లు చేతులూపారు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా తానే దిగి పలకలు పరిచి, తానే తోలి, తానే దిగి ఏరుకున్నాడు. మంగ్లూటాన్ దాటి మిట్ట ఎక్కుతుండగా కారు ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది. రెండోసారి పెట్టింది. వెనకనుంచి తెల్లటి పొగ, ఇడ్లీపాత్ర మూత తీసినట్టు. తర్వాత వణుకు. తర్వాత ఏమీ లేదు. మిట్ట మధ్యలో చచ్చి పడింది.

అప్పలకొండ తాళం తిప్పాడు. తిప్పాడు. తిప్పాడు. మీటరు మీద ఎర్ర దీపాలు వెలిగి అతని మొహంలోకి చూశాయి.

టైము ఎనిమిదిన్నర. ఈ ఉద్యోగం పోతే ఏమవుతుందో అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. నలభై తొమ్మిదేళ్లు. చదువు నాలుగో క్లాసు. దీవిలో డ్రైవర్లకి కరువు లేదు, యజమాని కారు తగలేసిన డ్రైవర్ని పిలిచేవాడూ లేడు. మిగిలేది ఒక్కటే. కనకదుర్గ తమ్ముడు బంగారురాజు డోంగీలో ఒక మనిషి చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. "బావా, నీ పీట నీకే ఉంది, ఎప్పుడొచ్చినా సరే," అంటాడు ప్రేమగా. ప్రేమగానే అంటాడు, పాపం. వింటే అప్పలకొండ మాట మార్చేస్తాడు.

వెనకనుంచి కూరగాయల పికప్ వచ్చి ఆగింది. తోలేది బెంగాలీ ఆయన. దిగి, విమానాన్ని చూసినట్టు కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"దాదా, యే క్యా హై? హవాయీ జహాజ్? ఉడ్తా నహీఁ?"

"నై ఉడ్తా భయ్యా. మర్ గయా. ఖీఁచో, గరాచర్మా తక్ ఖీఁచో, పాఁవ్ పడ్తా హూఁ."

అప్పలకొండ నిజంగానే కాళ్లమీద పడబోతే ఆయన కంగారుపడి కారు లాగడానికి తాడు తీశాడు. వంకాయలూ కందగడ్డలూ ముందు, పసుపుపచ్చ కారు వెనక, అలా ఊరేగింపుగా సాగింది. ఆదివారం చర్చికి వెళ్లే జనం రోడ్డుపక్క నిలబడి ఫోన్లలో పట్టుకున్నారు. అప్పలకొండ తల వంచుకుని స్టీరింగు పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది.

గరాచర్మలో రీనా షెడ్డుంది. వాళ్ల నాన్న సుందర్‌రాజ్ డోంగీ ఇంజిన్లూ స్కూటర్లూ బాగుచేసేవాడు. ఆయనకి కళ్లు మందగించాక పని కూతురు అందుకుంది. ఇప్పుడాయన తెలుగు ఆరాధనలో డోలక్ వాయిస్తాడు, ఆవిడ రెంచీ తిప్పుతుంది. రీనా అప్పటికే తెల్ల చీర కట్టి, బైబిలు పట్టుకుని, తాళం వెయ్యబోతోంది.

"రీనమ్మా!" అని అరిచాడు అప్పలకొండ, పికప్ ఆగకముందే.

"కొండ బాబాయ్? కందగడ్డల్తో పాటు కారు కూడా అమ్ముతున్నావేంటి?" అంది ఆవిడ. అతని మొహం చూసి నవ్వు మింగేసింది. "ఏమైంది?"

"ఆగిపోనాది."

ఆవిడ టాంకు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బాబాయ్, ఏం పోశావు ఇందులో?"

"తేల్."

"ఏ తేల్?"

"ఏ తేలేటమ్మా? తేలే. డ్రమ్ములో తేల్."

"ఇది పెట్రోల్ బండి బాబాయ్!"

అప్పలకొండ రోడ్డుపక్క సిమెంటు దిమ్మ మీద కూలబడ్డాడు. "తేల్ అంటే తేలే అన్నాడమ్మా బాబు. నానడిగేను కూడాను. అడిగేనమ్మా," అని ఫోన్ తీసి వినిపించబోయాడు. కంగారులో అది జారి కిందపడింది.

రీనా ఫోన్ తీసి అతని జేబులో పెట్టింది. "ఫ్లైటెన్నింటికి?"

"పన్నెండూ నలభై."

ఆవిడ లోపలికి వెళ్లి చీర మీదే నాన్న పాత ఖాకీ కోటు తొడుక్కుని వచ్చింది. "నాన్నా, నువ్వు నడువు, నేను రెండో పాటకొస్తా," అని లోపలికి కేకేసింది. ఆ రెండో పాటా లేదు, ప్రసంగమూ లేదు. ఆ పూట రీనా ఆరాధన అంతా కారు కిందే అయింది.

సీటు వెనక తివాచీ ఎత్తితే గుండ్రటి మూత ఉంది. అది విప్పి, డోంగీలకి వాడే చేతిపంపు దించి, డబ్బాలోకి లాగింది. ఒక డబ్బా, రెండో డబ్బా సగం. వాసన చూసింది. పంపు గాలి మింగడం మొదలెట్టింది. ఖాళీ. ప్లగ్గులు తీసి తుడిచింది, ఇంజిన్ దగ్గర గొట్టం విప్పి లోపల మిగిలింది సీసాలోకి పట్టింది. తన స్కూటర్లోదీ, పక్కింటి వాళ్ల స్కూటర్లోదీ పెట్రోలు పిండి టాంకులో పోసింది. పదకొండుకి పదినిమిషాలు తక్కువ. అప్పలకొండ కళ్లు మూసుకుని తాళం తిప్పాడు.

కారు గర్జించింది! అతను "అమ్మా, రీనమ్మా, నీ కాళ్లు మొక్కుతాను," అంటూ దిగబోతుండగానే ఎక్కిళ్లు మొదలయ్యాయి. అవే ఎక్కిళ్లు. తెల్లపొగ. చచ్చింది.

రీనా చేతులు వేలాడేసింది. మోచేతుల దాకా నలుపు, చీర అంచు నలుపు. "మొత్తం తీసేశాను బాబాయ్. అడుగు కనబడింది కూడా. ఎక్కణ్ణించి వస్తోంది మళ్లీ? నాకు తెలిసింది స్కూటరూ బోటూను. ఇలాంటి బండి నేనెప్పుడూ విప్పలేదు. ఎవరైనా పెద్ద మెకానిక్..."

"ఆదివారం ఎవుడొస్తాడమ్మా?"

ఎవరూ రారు. ఇద్దరికీ తెలుసు. అప్పలకొండ కారు పక్కన నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచనివాడు ఏదో ఒకటి చేస్తాడు కదా, అలా కారు పైకప్పు రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఒకసారి ఊపి ఆగాడు. మళ్లీ ఊపాడు. చెవి ఆనించాడు.

"రీనమ్మా, ఇటు రా. ఇను."

డోంగీలో నీరూరితే ముందు కంటికి కనబడదు. పడవని పక్కకి ఊపితే పలకలకింద గళక్‌మంటుంది. ఆ చప్పుడు జాలరి చెవి పారేసుకోదు, ఎనిమిదేళ్లు కాదు ఎనభై ఏళ్లు సముద్రానికి వీపు పెట్టినా.

"ఈ పక్క ఉంది. కుడిపక్క. నువ్వు తీసింది ఎడమది. పెద్ద బోటుకి రెండు పక్కలా రెండు టాంకులుంటాయి కాదేటి, మజ్జిన గొట్టం? అలగే ఉంది ఇది."

రీనా కళ్లు పెద్దవి చేసింది. మధ్యలోంచి చక్రాలకి పోయే ఇనప కడ్డీ ఉంది. టాంకు దాని మీదనుంచి గాడిద మీద మూటల్లా రెండు పక్కలకీ దిగింది. ఇంజిన్ తాగేది ఎడంపక్క నుంచి, ఆ పక్క తగ్గగానే కుడిపక్కది వచ్చి కలుస్తోంది! కుడిసీటు వెనక తివాచీ చింపినంత పనిచేసి ఎత్తారు. ఉంది, రెండో మూత.

ఈసారి లాగిన దాంట్లో కొంచెం గాజుసీసాలోకి పట్టి రీనా ఎండలోకి ఎత్తింది. "తేట పడనీ చూద్దాం," అంది.

కాసేపటికి సీసాలో గీత గీసినట్టు రెండు రంగులు విడిపోయాయి. పైన గోధుమరంగు. అడుగున రెండు వేళ్ల మందాన తెల్లగా, స్వచ్ఛంగా, తాగొచ్చు అన్నట్టు...

"నీళ్లు," అంది రీనా. "డీజిల్ ఒక్కటే కాదు బాబాయ్. మీ డ్రమ్ములో నీళ్లు కూడా ఉన్నాయి. పోసేముందు చూసుకోలేదా?"

అప్పలకొండ షెడ్డు గోడ పట్టుకుని వెనక్కి నడిచి, వక్కచెట్టు మొదట్లో వాంతి చేసుకున్నాడు.

ఎనిమిదేళ్ల కిందట మాయాబందర్ నుంచి ఇద్దరు డోంగీలో చేపలవేటకి బయల్దేరారు, అప్పలకొండా వాళ్లన్న అసిరయ్యా. తేల్ పోసే పని తమ్ముడిది. వాన వెలిసిన పొద్దున్న అది. వాన తర్వాత డ్రమ్ములో తేల్ సీసాలో పట్టి ఎండకి ఎత్తి చూడందే ఏ జాలరీ పొయ్యడు. "ఒరే, సూసినావేటి?" అని అడిగాడు అన్న. "సూసేన్లే," అన్నాడు తమ్ముడు. చూడలేదు. బద్ధకం, అంతే, వేరే కారణం ఏమీ లేదు. ఒడ్డు కనుమరుగయ్యాక ఇంజిన్ ఎక్కిళ్లు పెట్టి ఆగింది. తర్వాత ఆరు రోజులు తేలారు. తాగే నీళ్లు మూడోరోజుకి అయిపోయాయి. ఐదోరోజు అసిరయ్య ఉప్పునీళ్లు దోసిళ్లతో తాగాడు, పట్టుకుంటే ఆగలేదు. ఆరోరోజు ఒక ఓడవాళ్లు ఇద్దర్నీ పైకి లాగారు, కానీ అప్పటికి ఊపిరున్నది ఒక్కడికే. ఇంజిన్ ఎందుకు ఆగిందని అందరూ అడిగారు. తెలీదన్నాడు. కనకదుర్గకి కూడా అదే చెప్పాడు. అన్న మాత్రం ఆ ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా మళ్లీ అడగలేదు. అడిగితే బాగుండును అని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

వాసుదేవ్ గారు జాలిపడి జీపు నేర్పించి, ఉద్యోగం ఇచ్చి, ఉండడానికి గది ఇచ్చారు. అలా ఒడ్డున పడ్డాడు.

రెండు పక్కలా ఖాళీ చేసి, అరువు తెచ్చిన పెట్రోలు పోశాక, పన్నెండుకి కారు మళ్లీ గర్జించింది, ఈసారి ఆగలేదు. రీనా మాత్రం నవ్వలేదు.

"బాబాయ్, విను. టాంకు మూలల్లో నీళ్లుండిపోతాయి. పంపుకి అందవు. మెల్లగా ఎయిర్‌పోర్టుకి వెళ్లొచ్చు. దూరం మాత్రం వద్దు. టాంకు దింపి ఆరబెట్టి, ఇంజిన్ నోళ్లన్నీ విప్పి చూసేదాకా మాయాబందర్ మాటే ఎత్తకూడదు. అడవిలో ఆగితే ఇంక అంతే."

"మరి బాబుతో ఏటి సెప్పాల?"

"నన్నడిగితే?" అని గుడ్డతో చేతులు తుడుచుకుంది. "చెప్పకపోతే నీ ఉద్యోగం ఉంటుందేమో. నాకేం తెలుసు బాబాయ్."

ఎయిర్‌పోర్టు ముందు కారు ఆపేసరికి పన్నెండూ ముప్పై. అరగంట పోయాక యువరాజ్ బయటికొచ్చాడు, పక్కన భార్య కళ్యాణి. పెళ్లయి నెల కాలేదు, చేతులకి గోరింటాకు ఇంకా ఎరుపు దిగలేదు.

"అరే వాహ్ చాచా! టైముకి తెచ్చేశావ్! షాబాష్!" అని భుజం మీద చరిచాడు యువరాజ్.

"కొండన్నా, బాగున్నారా? ఇవి మీకు, వదినకి," అని కళ్యాణి మిఠాయి డబ్బా చేతిలో పెట్టింది.

యువరాజ్ లోపలికి దిగి తాళం తిప్పాడు. ఇంజిన్ హాయిగా మోగింది. ఎక్కిలి లేదు, పొగ లేదు. కళ్యాణి చున్నీ సర్దుకుని పక్కసీట్లో కూర్చుంది. అప్పలకొండ ఏమీ అనక్కర్లేదు. ఒక్క మాట అనక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

"సబ్ ఠీక్ హై నా చాచా? అన్నీ చూశావా?" అని అడిగాడు యువరాజ్ అద్దం దించుతూ.

'సూసేన్లే' నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత చిన్న మాట! అప్పలకొండ కళ్యాణి గోరింటాకు చేతుల వైపు చూశాడు.

"సూళ్లేదు బాబూ," అన్నాడు. "దిగిపోండి. ఎల్లొద్దు. అందులో డీజిల్ పోసేను. నీళ్లు కూడా ఎల్లిపోనాయి. తీసేం గానీ ఇంకా ఉంటాది. తోవలో ఆగిపోద్ది."

యువరాజ్ ఇంజిన్ ఆపేశాడు. "డీజిల్? ఇందులో డీజిల్ పోశావా? పాగల్ హో క్యా?"

"మీరు తేల్ అన్నారు బాబూ."

"తేల్ మత్లబ్ పెట్రోల్ యార్! చిన్నపిల్లలకి కూడా తెలుసు!"

"మాకు తేల్ అంటే..." అని ఆగిపోయాడు అప్పలకొండ. ఆ మాట ఇప్పుడు చెప్పి లాభం లేదు. "తేల్ తప్పు మీదో నాదో గానీ, నీళ్లు సూసుకోకపోడం నాదే."

కళ్యాణి ఏదో అనబోయింది. యువరాజ్ చెయ్యి ఎత్తి ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు. "రేపటినించి రావొద్దు చాచా. పప్పాతో నేను చెప్తా." టాక్సీ పిలిచాడు. అది కదిలి మలుపు తిరిగేదాకా కళ్యాణి వెనక్కి చూస్తూనే ఉంది. అప్పలకొండ మిఠాయి డబ్బా పట్టుకుని, ఎండలో, పసుపుపచ్చ కారు పక్కన నిలబడిపోయాడు. డిక్కీలో పలకలుండిపోయాయని బస్సెక్కాక గుర్తొచ్చింది.

నాలుగురోజుల తర్వాత తన షెడ్డుకే వచ్చిన కారుకి రీనా టాంకు దింపించి చూస్తే మూలల్లో ఇంకా అరగ్లాసు నీళ్లున్నాయట. ఆ సంగతి ఆవిడ కనకదుర్గకి చెప్పింది. యువరాజ్ అడగలేదు, ఎవరూ అతనికి చెప్పలేదు. వాసుదేవ్ గారు కొడుకు మాట కాదనలేక, గది ఖాళీ చెయ్యడానికి నెలరోజులు గడువిచ్చారు. అప్పలకొండ ఆ నెలంతా ఉద్యోగం కోసం తిరిగాడు. పికప్ వెనక కారు ఊరేగిన వీడియో అతనికన్నా ముందే ప్రతి షెడ్డుకీ వెళ్లి కూర్చుంది. "ఓహ్, తేల్ వాలే చాచా!" అని నవ్వి, టీ ఇచ్చి పంపేవారు.

గది ఖాళీ చేసిన రోజునే కనకదుర్గని కూర్చోబెట్టి అసిరయ్య సంగతి చెప్పాడు. సీసా ఎత్తి చూడని సంగతి. ఆవిడ లేచి వెళ్లి అన్నం వడ్డించింది. తను తినలేదు.

ఆ మర్నాడు వాన వెలిసింది. జంగ్లీఘాట్ జెట్టీ మెట్ల మీద అప్పలకొండ నిలబడ్డాడు. కింద బంగారురాజు డోంగీ ఊగుతోంది. తేల్ డ్రమ్ము నుంచి ఒక సీసా పట్టి, ఎండకి ఎత్తాడు. చూశాడు. పారబోసి రెండో సీసా పట్టాడు. మూడోది పట్టాడు. డోంగీలో ఉన్నవాళ్లు విసుక్కున్నారు.

"పాలు కొంటన్నాడేటి మీ బావ? అంత సూస్తన్నాడు!"

"బావా, సూసినావేటి? ఎల్దామా?" అన్నాడు బంగారురాజు.

"సూసేను," అన్నాడు అప్పలకొండ. ఆ మాట సరిపోయినట్టు అనిపించలేదు. ఒక మెట్టు దిగాడు. నీళ్లు పాదం మీదకి ఎగిశాయి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. సీసా బంగారురాజు చేతికి చాపాడు.

"నా మాట నమ్మీకు. నువ్వు కూడా సూడు."